యూదులు, ముస్లింలు: కలిసిన చోటు, చిక్కుపడిన చోటు

కడపలో నేను మాంసం కొనే అంగడి యజమాని, పొట్టేలును పడుకోబెట్టే ముందు కత్తి అంచును బొటనవేలి గోటి మీద నెమ్మదిగా జరిపి చూసుకుంటాడు. ఎక్కడైనా గోరు పట్టుకుందంటే అంచుకు నొక్కు పడిందని అర్థం, అప్పుడు కత్తి మళ్లీ సానరాయి మీదికి పోవలసిందే. నొక్కుపడిన కత్తితో కోస్తే జీవానికి బాధ ఎక్కువవుతుందని తండ్రి దగ్గర నేర్చుకొన్న పద్ధతి అది. యూదులలో జంతువును కోసే వ్యక్తి కూడా సరిగ్గా ఇలాగే గోటితో అంచు పరీక్షిస్తాడనీ, చిన్న నొక్కు కనిపించినా ఆ కత్తి పనికిరాదంటాడనీ ఒక ఆదివారం నేను ఆయనతో అన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి, "వాళ్లు కూడా బిస్మిల్లా అంటారా సార్?" అని అడిగాడు. వాళ్లూ దేవుణ్ణి తలచుకొనే కోస్తారు, అయితే ప్రతి జీవానికీ విడిగా కాకుండా పని మొదలుపెట్టే ముందు ఒకసారి స్తుతి వాక్యం చదువుతారు అని చెప్పాను. "మరి ఇంత దగ్గరోళ్లయితే ఈ కొట్లాట యాడొచ్చింది సార్?" అన్నాడు.

ఆ ప్రశ్నకు అంగట్లో నిలబడి ఒక ముక్కలో చెప్పే జవాబు లేదు. టీవీలో చూసినదాన్ని బట్టి చెబితే వేల ఏళ్ల పగ అనిపిస్తుంది, గ్రంథాలను బట్టి చెబితే అన్నదమ్ముల కథ అనిపిస్తుంది. ఈ రెండూ సగం సగం నిజాలు. వాటిని విడదీసి చూస్తే తప్ప ఈ రెండు సమాజాల మధ్య స్నేహం ఎక్కడ కుదురుతోందో, ఎక్కడ తెగిపోతోందో అర్థం కాదు.

మొదటి చిక్కు మాటల్లోనే ఉంది. తెలుగులో ఈ జనానికి రెండు పేర్లున్నాయి. బైబిలు ద్వారా వచ్చిన పేరు యూదులు, ఉర్దూ ద్వారా వచ్చిన పేరు యహూదీలు. చర్చికి వెళ్లేవారికి మొదటిది, మసీదుకు వెళ్లేవారికి రెండవది చిన్నప్పటి నుంచే పరిచయం. ఆ రెండు దారుల్లోనూ యూదుడు ఒక ప్రాచీన కాలపు మనిషిగానే మన ఊళ్లలోకి వచ్చాడు, పక్కింటివాడిగా రాలేదు. ఉర్దూ సంభాషణలో యహూదీ అన్న మాట కొన్నిసార్లు తిట్టుగా కూడా వినిపిస్తుంది. ఒక్క యూదుణ్ణి కూడా చూడని ఊళ్లో ఆ మాట తిట్టుగా ఎలా నిలిచిందన్నది మనం నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న.

ఆ పేరు కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి తోరా గ్రంథాన్ని, శనివారపు విశ్రాంతి దినాన్ని పాటించే మతం. రెండవది ఆ మతంలో పుట్టి, దాన్ని పాటించినా పాటించకపోయినా తమను ఒక జనంగా భావించుకొనేవారి సముదాయం. మూడవది 1948లో ఏర్పడిన ఇజ్రాయెల్ రాజ్యం. ఆ రాజ్యపు పౌరుల్లో దాదాపు ఐదో వంతు అరబ్బులు. ప్రపంచంలోని యూదుల్లో సగానికి కాస్త పైగా ఆ రాజ్యం బయటే ఉన్నారు, వారిలో దాని విధానాలను గట్టిగా విమర్శించేవారూ ఉన్నారు. అవతలి వైపు కూడా ఇంతే. ముస్లింలందరూ అరబ్బులు కారు, పాలస్తీనీయులందరూ ముస్లింలు కారు, వారిలో తరతరాల క్రైస్తవ కుటుంబాలున్నాయి. బాగ్దాదు, యెమెన్, మొరాకోల నుంచి వచ్చిన యూదుల ఇళ్లలో తాతల కాలం దాకా మాట్లాడింది అరబ్బీయే. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీం అని తమను పిలుచుకొంటూ, తెలుగు మాట్లాడుతూ, శనివారం ప్రార్థన జరుపుకొనే కొన్ని పదుల కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి వచ్చిన ఆ కుటుంబాలను చూసినవారికి యూదుడంటే ఒకే రూపం, ఒకే దేశం, ఒకే రాజకీయం అన్న ఊహ నిలవదు.

ఇక దగ్గరతనం సంగతి. ఇబ్రాహీం (అబ్రాహాము), మూసా (మోషే), యూసుఫ్, దావూద్, సులేమాన్ అన్న పేర్లు ఇద్దరివీ. అరబ్బీలో సలాం అన్నా హీబ్రూలో షాలోం అన్నా ఒకే ధాతువు, సదకా అన్నా త్సెదకా అన్నా దానధర్మమే. ఇద్దరికీ సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలవుతుంది. ఇద్దరివీ చంద్రుణ్ణి బట్టి నడిచే నెలలే. యూదులు మాత్రం మనం అధిక మాసం కలిపినట్టే పందొమ్మిది ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుకొని పండుగలను రుతువులతో సరిచేసుకుంటారు. ముస్లింలు ఆ నెల కలపరు కనుక రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

కానీ వీటన్నిటికంటే రాయలసీమవాడికి బాగా తగిలే ఉదాహరణ పీర్ల పండుగ. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరికి కులమతాల భేదం లేకుండా జనం వెళ్లే ఆ మొహర్రం రోజులు, క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైన ఘట్టాన్ని తలచుకొనేవి. ఆయన మరణించిన మొహర్రం నెల పదో రోజుకే ఆషూరా అని పేరు. అదే రోజుకు అంతకంటే పాత జ్ఞాపకం ఒకటుంది. ప్రవక్త మహమ్మద్ మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉండడం చూసి కారణం అడిగారు. ఈజిప్టు రాజు ఫిరౌను బారి నుంచి దేవుడు మూసాను, ఆయన జనాన్ని కాపాడిన రోజు ఇది అని వారు చెప్పారు. మూసా మీద మాకు మరింత హక్కుంది అని చెప్పి ఆయన తానూ ఉపవాసం ఉన్నారు. ఈ వృత్తాంతం ప్రవక్త మాటలను, చేతలను పోగుచేసిన బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది. యూదులకు కొంత భిన్నంగా ఉండేందుకు తొమ్మిదో రోజు కూడా ఉపవాసం ఉండాలని తరువాత ఆయన అనుకొన్నట్టు మరొక హదీసు చెబుతుంది. సున్నీ కుటుంబాల్లో ఈ ఉపవాసాలు పాటించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ రెండు హదీసులను పక్కపక్కన పెట్టి చదివితే రెండు మతాల సంబంధమంతా అందులోనే కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది. దగ్గరతనాన్ని ఒప్పుకోవడం, వేరుతనాన్ని కాపాడుకోవడం, రెండూ ఒకే ఉపవాసంలో ఉన్నాయి.

చరిత్రను కూడా ఈ రెండు కళ్లతోనే చూడాలి. మదీనాలో మొదట యూదు తెగలతో ఒడంబడిక ఉంది, తరువాత యుద్ధాలు వచ్చాయి, కొన్ని తెగలను ఊరి నుంచి పంపివేశారు, బనూ ఖురైజా పురుషులను చంపారు. అయినా దారిన పోతున్న ఒక యూదుడి శవయాత్రను చూసి ప్రవక్త లేచి నిలబడ్డారనీ, అది యూదుడిదని ఎవరో గుర్తు చేస్తే అదీ ఒక ప్రాణమే కదా అన్నారనీ హదీసులు చెబుతున్నాయి. ఆ తరువాతి ముస్లిం రాజ్యాల్లో యూదులు జిజియా కడుతూ, సమాన హోదా లేకుండానే, అయినా అదే కాలపు యూరప్ కంటే చాలా చోట్ల భద్రంగా బతికారు. కార్డోబాలో పుట్టి 1204లో ఈజిప్టులో మరణించిన యూదు తత్త్వవేత్త మైమోనిడిస్ జీవితం చూడండి. అల్‌మొహాద్ పాలకుల మతపీడన వల్ల ఆయన కుటుంబం స్పెయిన్ విడిచి పారిపోయింది. ఆశ్రయం దొరికింది కూడా మరొక ముస్లిం రాజ్యంలోనే, సలాహుద్దీన్ కాలపు ఈజిప్టులో. అక్కడ ఆస్థాన వైద్యుడై, తన తత్త్వగ్రంథాన్ని హీబ్రూ లిపిలో అరబ్బీ భాషలో రాశాడు. తరిమినవారూ, చేరదీసినవారూ ఒకే మతంవారు.

మన దక్కనుకు కూడా ఈ కథతో సంబంధం ఉంది. కైరోలోని పాత యూదు ప్రార్థనా మందిరంలో దొరికిన లక్షల కాగితపు ముక్కల్లో, పన్నెండో శతాబ్దంలో మంగళూరులో కంచు పని కార్ఖానా నడిపిన బెన్ యిజూ అనే యూదు వ్యాపారి ఉత్తరాలున్నాయి. ముస్లిం, హిందూ వర్తకులతో అతని లెక్కాచారం అందులో కనిపిస్తుంది. యూదు కుటుంబంలో పుట్టి సూఫీ అయిన సర్మద్ కొంతకాలం హైదరాబాదులో ఉండి, తరువాత ఢిల్లీ చేరి, ఔరంగజేబు కాలంలో 1661లో మరణశిక్షకు గురయ్యాడు. పదిహేడో శతాబ్దంలో మద్రాసులో స్థిరపడిన యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలను తెప్పించి, గోల్కొండ వజ్రాలను కొని పంపేవారు. తొలకరి వానకు వజ్రకరూరు పొలాల్లో రాళ్లు ఏరుకొనే మనవాళ్లకు ఆ వ్యాపారం ఎంత దూరం సాగిందో చెప్పేవారు లేరు.

మరి కొట్లాట ఎక్కడ వచ్చింది? ఇప్పటి పగకు మూలం ఏడో శతాబ్దంలో కంటే ఇరవయ్యో శతాబ్దంలోనే ఎక్కువగా ఉంది. యూరప్‌లో యూదులపై సాగిన హింస, ఆ హింసకు జవాబుగా పుట్టిన ప్రత్యేక దేశపు కోరిక, పాలస్తీనా మీద బ్రిటిష్ పెత్తనం, అక్కడ అప్పటికే ఉన్న అరబ్బు జనం, ఇవన్నీ ఒకే నేల మీద కలిసి పేలాయి. 1941లో బాగ్దాదులో రెండు రోజుల దాడుల్లో 180 మంది దాకా యూదులు మరణించారు. 1948 యుద్ధంలో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోయారు, వారు ఆ విపత్తును నక్బా అంటారు. ఆ తరువాతి దశాబ్దాల్లో అరబ్బు దేశాల నుంచి అంతకు తక్కువ కాని సంఖ్యలో యూదులు తరతరాల ఊళ్లు వదిలి వెళ్లారు. రెండు వైపులా తాళంచెవులు మిగుల్చుకొన్న ముసలివాళ్లున్నారు. 1967 నుంచి పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ సైనిక ఆక్రమణలో ఉంది. భూమి, పౌరసత్వం, భద్రత అన్న తగాదా ఇది. మతం దానికి వస్త్రమూ అయింది, ఆయుధమూ అయింది. ఇది తెలిస్తే కనీసం ఒక మేలుంది. వేల ఏళ్ల పగ అయితే చేసేదేమీ ఉండదు, ఒక శతాబ్దపు రాజకీయమైతే మనుషులు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటుంటుంది.

భారతదేశం దీనికి సాక్ష్యం. ఇక్కడి నుంచి కూడా యూదులు ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు కానీ, ఎవరూ తరిమితే వెళ్లలేదు. వాళ్లు వదిలిపోయిన చోట్లలో కొన్నిటికి కాపలా ఉన్నది ముస్లింలే. కలకత్తాలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది యూదులే మిగిలారు. అక్కడి యూదు ప్రార్థనా మందిరాలను తరతరాలుగా శుభ్రం చేసి, దీపాలు తుడిచి, తాళాలు వేసేది ముస్లిం కుటుంబాల వాళ్లు. 1881లో మొదలైన యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదువుకొనేవాళ్లలో అత్యధికులు ముస్లిం పిల్లలు. కొచ్చి మట్టాంచేరిలో పర్యాటకులకు చిల్లర సరుకులు అమ్ముకొనే ఒక ముస్లిం కుర్రవాడికి సరుకు దాచుకోవడానికి ఒక యూదు దంపతులు తమ ఇంట్లో చోటిచ్చారు. భర్త పోయాక ఆ వృద్ధురాలిని 2019లో ఆమె కన్నుమూసే దాకా అతనే చూసుకొన్నాడు. యూదు పురుషులు ప్రార్థనలో తల మీద పెట్టుకొనే చిన్న టోపీకి ఎంబ్రాయిడరీ ఎలా వేయాలో ఆమె అతనికి నేర్పింది. ఆమె తరువాత ఆ వీధిలో ఆ సూదిపని తెలిసిన చేతులు ఒక ముస్లింవి.

ఇలాంటి స్నేహాలు కొన్ని ఎందుకు నిలుస్తాయి, కొన్ని ఎందుకు తెగిపోతాయి అన్నదాని మీద గట్టి పరిశోధనే జరిగింది. రెండు వర్గాలవారు ఊరికే కలిస్తే చాలదనీ, ఆ కలయికలో ఇద్దరికీ సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పెద్దల లేదా సంస్థల ఆమోదం ఉన్నప్పుడే అపనమ్మకం తగ్గుతుందనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించాడు. మన దేశంలో అశుతోష్ వార్ష్నేయ హిందూ ముస్లిం సంబంధాల మీద ఆరు నగరాలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఫలితం దీనికి మరో మెట్టు చేర్చింది. పండుగకు పలకరించుకోవడం, పిల్లలు కలిసి ఆడుకోవడం మంచివే, కానీ పుకారు లేచిన రోజు ఊరిని ఎక్కువగా నిలబెట్టేవి రెండు మతాలవారూ కలిసి నడిపే వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, వృత్తి సంఘాలు.

ఇది నాకు మన ఊరిని చూస్తే తెలుస్తుంది. ఉగాది నాడు దేవుని కడప గుడి ముందు ముస్లిం స్త్రీలు కొబ్బరికాయ, బెల్లం, పూలు పట్టుకొని వరుసలో నిలబడతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కనుక వెంకటేశ్వరుడు తమకు అల్లుడని వారి నమ్మకం. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు అంతే భక్తితో వెళతారు. ఆ దృశ్యాన్ని నేను ప్రేమిస్తాను. అయితే ఏడాదికొక రోజు వచ్చే ఆ బంధానికి బలం, మిగిలిన రోజుల్లో మార్కెట్లో అప్పు పుట్టడం నుంచి, ఒకే ఆటో స్టాండులో వంతు వేసుకోవడం నుంచి వస్తుందని కూడా నేను నమ్ముతాను. యూదులు, ముస్లింల మధ్య నిలిచిన స్నేహాలన్నిటా ఈ కలిసి చేసే పని కనిపిస్తుంది. ఇబ్రాహీం సంతానం అన్న ప్రసంగాలు తలుపు తెరుస్తాయి కానీ, లోపల ఇంత పని లేకపోతే మనుషులు ఎక్కువసేపు కూర్చోరు.

యూరప్‌లో ఆ పనిని తెచ్చిపెట్టింది కత్తే. 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు, ఒక ముస్లిం బాలుడి సున్తీ కేసులో, మతాచారంగా చేసే సున్తీ శరీరానికి గాయం చేయడమేనని తీర్పు చెప్పింది. ముస్లింలకూ, ఎనిమిదో రోజున కొడుకులకు సున్తీ చేసే యూదులకూ ఒకేసారి నెత్తిన పిడుగు పడినట్టయింది. ఇద్దరూ కలిసి వీధికెక్కారు, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు సున్తీని అనుమతిస్తూ చట్టం చేసింది. బెల్జియంలో 2019 నుంచి రెండు ప్రాంతాలు జంతువును ముందుగా స్పృహ తప్పించకుండా కోయడాన్ని నిషేధించినప్పుడు కూడా యూదు, ముస్లిం సంస్థలు ఒకే వైపు నిలబడి యూరప్ మానవహక్కుల న్యాయస్థానం దాకా పోరాడాయి. 2024లో ఓడిపోయాయి. జంతు హింస గురించి అవతలివారు చెప్పేదాంట్లో కూడా ఆలోచించవలసింది ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. నేను చెప్పేది ఒక్కటే. అల్పసంఖ్యాకులుగా బతికే చోట ఈ ఇద్దరి కష్టం ఒకటే కావడం వల్ల కోర్టు వరండాల్లో పరిచయాలు కలిశాయి.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో 1880ల నాటి యూదు ప్రార్థనా మందిరం పైకప్పు కారి, బాగుచేయించే స్తోమత లేక మందిరాన్ని అమ్ముకోవలసిన పరిస్థితి వచ్చింది. 2013 ప్రాంతంలో దాన్ని నిలబెట్టడానికి డబ్బు పోగు చేసినవారిలో అక్కడి మసీదుల పెద్దలు, ముస్లిం వ్యాపారులు ముందున్నారు. 2017లో టెక్సస్‌లోని విక్టోరియా పట్టణంలో మసీదు తగలబడితే, అక్కడి యూదులు తమ ప్రార్థనా మందిరం తాళంచెవులు తెచ్చి ముస్లింల చేతిలో పెట్టారు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ యూదు ప్రార్థనా మందిరంలో పదకొండు మందిని కాల్చి చంపినప్పుడు ముస్లిం సంస్థలు రెండు లక్షల డాలర్లకు పైగా పోగు చేశాయి. మరుసటి ఏడాది న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో యాభై ఒక్క మంది హతమైనప్పుడు పిట్స్‌బర్గ్ యూదులు ఆ బాధితుల కోసం విరాళాలు పోగు చేశారు.

ఇంతవరకు సులువు. అసలు పరీక్ష పాలస్తీనా మాట వచ్చినప్పుడు. అమెరికాలోని న్యూజెర్సీలో 2010లో ఒక యూదు మహిళ, ఒక ముస్లిం మహిళ కలిసి మొదలుపెట్టిన సలాం షాలోం సోదరీ సంఘంలో ప్రతి బృందంలోనూ ఇద్దరివీ సమాన సంఖ్యలే ఉండాలి, సమావేశాలు ఇళ్లలో జరగాలి. పిల్లలు, పండుగలు, చావు పుట్టుకల గురించి తెలుసుకొని నమ్మకం కుదిరిన తరువాతే ఆ ప్రాంతపు రాజకీయం మాట్లాడాలన్నది వారి పద్ధతి. ఈ వరుస తెలివైనదే. కానీ వాయిదా వేసిన మాట ఎప్పటికీ రాకపోతే అది మర్యాద కాదు, దాటవేత. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది మరణించి, 250 మంది దాకా బందీలయ్యారు. ఆ తరువాతి యుద్ధంలో గాజాలో మృతుల సంఖ్య అక్కడి ఆరోగ్య శాఖ లెక్కల్లో 2025 నాటికి 60,000 దాటింది. ఆ నెలల్లో ఎన్నో దేశాల్లో ఇటువంటి బృందాలు విడిపోయాయి. ఏళ్ల తరబడి కలిసి భోంచేసినవారు ఒకరి మౌనాన్ని ఒకరు క్షమించలేకపోయారు.

పాలస్తీనీయుల వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరాన్ని ఇక్కడ గౌరవంగా వినాలి. చెక్‌పోస్టు దాటడానికి అనుమతి కావలసినవాడినీ, ఆ అనుమతి ఇచ్చే రాజ్యపు పౌరుణ్ణీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి స్నేహితులని ఫొటో తీస్తే, అసమానతకు సున్నం కొట్టినట్టే కదా అని వారు అడుగుతారు. ఆల్‌పోర్ట్ మొదటి షరతు సమాన హోదాయే కనుక ఈ ప్రశ్న శాస్త్రరీత్యా కూడా సరైనదే. పిల్లలను, తోబుట్టువులను ఈ హింసలో పోగొట్టుకొన్న ఇజ్రాయెలీ కుటుంబాలతో 1995లో మొదలై, తరువాత అలాంటి పాలస్తీనా కుటుంబాలు కూడా చేరిన పేరెంట్స్ సర్కిల్ అనే సంఘం ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. దుఃఖంలో సమానులం, హక్కుల్లో కాదు అని ఒప్పుకొని, ఆక్రమణ ముగియాలని కూడా అదే నోటితో అడుగుతుంది. 2023 తరువాత కూడా ఆ కుటుంబాలు కలుసుకోవడం మానలేదు.

ఈ వివరాలన్నీ ఒక్కరోజులో కాదు, కొన్ని ఆదివారాలుగా అంగట్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన్ని ఎక్కువగా నొప్పించింది యుద్ధం సంగతి కాదు, భోజనం సంగతి. గ్రంథం ఇవ్వబడినవారి ఆహారం ముస్లింలకు ధర్మసమ్మతమని ఖురాన్ ఐదో అధ్యాయంలో ఉంది కనుక, హలాల్ దొరకని చోట యూదుల అంగట్లో మాంసం కొనుక్కొనే ముస్లింలున్నారు. అయితే ముస్లిం కోసిన మాంసం ఆచారం పాటించే యూదుడు తినడు. "మేం వాళ్లది తింటాం, వాళ్లు మాది తినరా?" అని ఆయన ముఖం చిన్నబోయింది. అది తక్కువ చేయడం కాదనీ, కోసేవాడు వాళ్ల శాస్త్రం చదివి పరీక్ష నెగ్గినవాడే అయి ఉండాలనీ, ఆ నియమం చదవని యూదుడికి కూడా వర్తిస్తుందనీ చెప్పాను. పాలు, పెరుగు మాంసంతో కలపకూడదు, కాబట్టి మన బిర్యానీ పనికిరాదు. కలకత్తా యూదులు పాల బదులు కొబ్బరిపాలు వాడేవారు. కొంకణపు యూదులు శుక్రవారం రాత్రి ప్రార్థనకు ద్రాక్షసారాయి బదులు ఎండుద్రాక్ష నానబెట్టిన షర్బత్ పెట్టేవారు, అది ముస్లిం అతిథి కూడా తాగవచ్చు.

ఆయన కాసేపు లెక్క వేసుకొన్నాడు. "పెరుగు లేకుంటే నిమ్మకాయ పిండుకుంటాం సార్. కొబ్బరిపాలు పోస్తాం. డేక్సా కూడా కొత్తదే కావాలంటారా?" కావాలి, మాంసం వండే గిన్నెకు కూడా వేరే నియమం ఉంది, కత్తి కూడా వాళ్ల మనిషే తెచ్చుకుంటాడు అన్నాను. "తెచ్చుకోనీ సార్. అంచు ఒకసారి నన్ను కూడా చూడనిస్తాడేమో అడుగు" అని, తన కత్తిని మళ్లీ గోటి మీద పెట్టాడు.